ఒకటో తరగతి పంతులుకు పై చదువు ఎక్కడ?

తెలుగు చదవడం నేర్పడం ఎంత నేర్పు కావలసిన పనో తెలియాలంటే 'రాత్రి' అన్న ఒక్క మాట చాలు. గుడి 'త' నెత్తిన ఉంటుంది, ర వత్తు కింద చుట్టుకుని ఉంటుంది. పలికేటప్పుడు మాత్రం ఇకారం 'ర' తర్వాతే రావాలి. కంటికి కనిపించిన వరసలో చదివిన పిల్ల 'రాతిర' అంటుంది. శ్రద్ధ లేదని ఆ పిల్లను కోప్పడే పంతుళ్లున్నారు. అక్షరాలన్నీ సరిగ్గానే గుర్తుపట్టింది, వరస దగ్గరే తికమక పడిందని పట్టుకోగల పంతుళ్లూ ఉన్నారు. ఈ రెండో రకం చూపు అనుభవంతో కొంత వస్తుంది, మిగతాది చదువుకోవాలి. ఆ చదువు మన దగ్గర పెద్ద చదువుగా ఎందుకు ఎదగలేదో తెలియాలంటే రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో బడులెన్ని ఉన్నాయో లెక్క తీయమన్నాడు. మరుసటి ఏడు బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన జవాబు ఇప్పటికీ చదవదగ్గది. ఆయన అంతకు ముందే తెలుగుకు వ్యాకరణం రాసిన మనిషి. తెలుగు, కన్నడం రెండూ వినిపించే ఆ జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు ఉన్నారని రాశాడు. అయిదో ఏట పిల్లవాణ్ణి బడిలో వేస్తారు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దిస్తారు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెబుతారు. ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించడం సబబేనని ఆయన మెచ్చుకున్నాడు. ఎగ్మోరులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ ఇసుకలో రాసే మన పిల్లలను చూసి నేర్చుకుని, 1797లో ఆ సంగతి అచ్చు వేశాడు. ఇంగ్లండులో దానికి 'మద్రాసు పద్ధతి' అని పేరు వచ్చింది.

క్యాంప్‌బెల్ తప్పు పట్టింది మరొకచోట. పిల్లలు చదివేవన్నీ పద్యాలు. వాటి భాష ఇంట్లో మాట్లాడే భాష కాదు. చిలక పలుకుల్లా వల్లిస్తారే గాని అర్థం తెలియదన్నాడు. అక్షరం వచ్చినా చదువు రాకపోవడం అనే మన పాత జబ్బును కాగితం మీద పెట్టిన తొలి తెలుగు వ్యాకర్తల్లో ఆయన ఒకడు.

మన్రో 1826లో ఒక పథకం వేశాడు. జిల్లా కేంద్రాల్లో 40 బడులు, తహశీళ్లలో 300 బడులు, పంతుళ్లను తయారు చేయడానికి మద్రాసులో ఒక కేంద్రం. జిల్లా బడి పంతులుకు నెలకు 15 రూపాయలు, తహశీలు బడి పంతులుకు 9 రూపాయలు. ఊళ్లో ఇసుక మీద అక్షరం దిద్దించే వీధిబడి పంతులు ఈ లెక్కలోకే రాలేదు. మరుసటి ఏడు పత్తికొండలో కలరాతో మన్రో కన్నుమూశాడు. ఆ బడులూ పదేళ్లకు మించి నిలవలేదు. బడి పెద్దదయ్యే కొద్దీ పంతులు విలువ పెరుగుతుందన్న లెక్క మాత్రం నిలిచిపోయింది.

ఎనభై ఏళ్ల తర్వాత క్యాంప్‌బెల్ మాటే మరొకరి నోట వచ్చింది. 1906, 07 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాల బడుల తనిఖీకి వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకుంటూ, పుస్తకాల్లో ఒక భాష, జనం నోట మరొక భాష ఎందుకున్నాయని అడిగాడు. ఆ ప్రశ్న పర్లాకిమిడిలో పాఠాలు చెబుతున్న గిడుగు రామమూర్తిని కదిలించింది. తర్వాతి వ్యావహారిక భాషోద్యమం అందరికీ తెలిసిందే. కానీ ఆ పోరాటం ఎక్కువగా జరిగింది పై తరగతుల్లో. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం కూడా అలాంటిదే. ఒకటో తరగతికి ఆ గెలుపు ఎంతో ఆలస్యంగా చేరింది. గిడుగు మాత్రం రెండు చివరలా పని చేశాడు. సవర గిరిజన పిల్లల కోసం వాళ్ల భాష తానే నేర్చుకుని, వాచకాలు రాసి, బడులు పెట్టాడు. చదవడం నేర్పే విద్యకు మనలో ఎవరినైనా మూలపురుషుడని పిలవాలంటే నేను ఆయననే పిలుస్తాను. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. సవర వాచకాల సంగతి ఆ రోజు వేదికల మీద ఇంకాస్త గట్టిగా వినిపించాలి.

ఈలోగా శిక్షణ వ్యవస్థ తన దారిన తాను స్థిరపడింది. ఇవాళ ఒకటి నుంచి అయిదు దాకా చెప్పే టీచరును ఎస్జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్ అంటాం. ఆ పేరులోని సెకండరీ ఆయన చెప్పే తరగతి కాదు, మద్రాసు కాలంలో శిక్షణకు ముందు తాను చదివి ఉండాల్సిన చదువు. పంతులు ఏం చదివాడో పేరులో ఉంది, ఏం నేర్పాలో లేదు. తెలుగులో నిపుణుడన్న గౌరవం పండిత శిక్షణ పొందినవారికి దక్కింది. ఛందస్సు, వ్యాకరణం, కావ్యం తెలిసిన ఆ పండితులు హైస్కూలులో ఉంటారు. అక్షరమే రాని పిల్ల మాత్రం ప్రాథమిక బడిలో ఉంటుంది. ఎస్జీటీ బీఎడ్ చేస్తే, ఎంఏ తెలుగు చదివితే స్కూల్ అసిస్టెంటు పదోన్నతి కోసం చూస్తాడు. అది వచ్చిన రోజున ఒకటో తరగతి గది వదిలి వెళ్తాడు. పై చదువుల దారులన్నీ ఆ గది బయటికే తీసుకుపోయాయి.

1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకొక డైట్, అంటే టీచర్ల శిక్షణ సంస్థ వచ్చింది. బ్రిటన్ సాయంతో నడిచిన ఏపీపెప్ అనే ప్రాథమిక విద్య పథకం వేల మంది టీచర్లకు పిల్లలతో పని చేయించడం నేర్పింది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో కార్డులతో, మెట్లుమెట్లుగా చదువు చెప్పే పద్ధతి రూపుదిద్దుకుని ఇతర రాష్ట్రాలకూ పాకింది. ఇవన్నీ విలువైన పనులే. అయితే కొన్ని రోజుల శిక్షణ, ఒక కిట్టు, ఒక కరదీపిక ఇచ్చి పంపడం ఒకటి. రెండేళ్లు కూర్చుని లిపి, ధ్వని, పిల్లల మనస్తత్వం చదివి, తరగతి గదిలో పరిశోధించడం మరొకటి.

ఆ రెండో దారి అమెరికాలో ముందే పడింది. 1956లో అంతర్జాతీయ పఠన సంఘం ఏర్పడింది. 1965 చట్టం కింద పేద పిల్లల బడులకు కేంద్రం నిధులిచ్చాక చదవడంలో వెనకబడ్డవారికి ప్రత్యేక టీచర్లు కావాల్సి వచ్చారు. 'రీడింగ్ స్పెషలిస్టు' మాస్టర్స్ డిగ్రీలు విస్తరించాయి. డిగ్రీలు ఉన్నంత మాత్రాన సమస్య తీరలేదు. తెలియని మాటను బొమ్మ చూసి, సందర్భం చూసి ఊహించమని చెప్పే పద్ధతి చాలా కళాశాలల్లో పాతుకుపోయింది. అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధాన్ని క్రమంగా నేర్పాలని 2000లో జాతీయ నిపుణుల బృందం చెప్పాక కూడా మార్పు మెల్లగానే వచ్చింది. 2013లో చట్టం చేసి టీచర్లకు ఆ విద్యను మళ్లీ నేర్పించిన మిస్సిసిపీ, నాలుగో తరగతి పఠనంలో 49వ స్థానం నుంచి 2024కి 9వ స్థానానికి వచ్చింది. బడిలోనే ఉండి టీచర్లకు సాయపడే కోచ్‌లను కూడా ఆ రాష్ట్రం పెట్టింది. కోర్సు పేరు కన్నా అందులో ఏం చెబుతారన్నదే ముఖ్యమని నాకు ఈ కథలో తోస్తుంది.

ఆ పాఠాలను మనం అలాగే ఎత్తి తెచ్చుకోలేం. ఇంగ్లీషుకు 26 అక్షరాలు. మన లిపిలో హల్లులకు గుణింతాలు చేరిస్తేనే రూపాలు నాలుగు వందలు దాటుతాయి. వత్తులు అదనం. ప, ఫ, వ లకు కొమ్ము పక్కన కాకుండా కింద పెడతాం. లేకపోతే 'వు' కాస్తా 'మ' అయిపోతుంది. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడంలో సోనాలీ నాగ్ చేసిన పరిశోధన, ఈ అక్షరాలన్నీ పట్టుబడటానికి పిల్లలకు మూడు నాలుగేళ్లు పడుతుందని చూపింది. మన సిలబస్ ఒకటి, రెండు తరగతుల్లోనే ఆ పని ముగించాలని చూస్తుంది.

దేశంలో కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1994లో ప్రాథమిక టీచర్లకు నాలుగేళ్ల డిగ్రీ పెట్టింది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 2006లో ప్రాథమిక విద్యలో ఎంఏ మొదలుపెట్టింది. తర్వాత దాని హైదరాబాద్ ప్రాంగణంలో తొలి అక్షరాస్యత మీదే పని చేసే బృందం ఏర్పడింది. ఎంఎడ్ రెండేళ్లది అయ్యాక అందులో ఎలిమెంటరీ, సెకండరీ అన్న విభజన వచ్చింది. చదవడం నేర్పడమన్నది ఇంకా ఆ చదువులో ఒక భాగమే తప్ప, దానికంటూ ఒక శాఖ కాలేదు.

2018లో టీచర్ల శిక్షణను నియంత్రించే ఎన్‌సీటీఈ బీఎడ్ వారినీ ప్రాథమిక తరగతులకు అనుమతించింది. ఉద్యోగంలో చేరాక ఆర్నెల్ల బ్రిడ్జ్ కోర్సు చేస్తే చాలంది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది చెల్లదని చెప్పింది. చిన్న పిల్లలకు నేర్పడం వేరే విద్య అని ఆ తీర్పు గుర్తించింది. బీఎడ్ పెద్ద డిగ్రీ కదా అని బాధపడిన నిరుద్యోగుల ఆవేదన నాకు అర్థమవుతుంది. పెద్ద డిగ్రీ అంటే పెద్ద తరగతి అని రెండు వందల ఏళ్లుగా వాళ్లకు నేర్పింది వ్యవస్థే.

పల్లెల్లో పిల్లల చదువును కొలిచే అసర్ 2024 సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 27.1 శాతం. మూడో తరగతి కల్లా ప్రతి పిల్లా అర్థం చేసుకుని చదవాలన్న కేంద్ర పథకం నిపుణ్ భారత్ గడువు 2026-27. పునాది దశ టీచర్లను విడిగా తయారు చేసే నాలుగేళ్ల ఐటెప్ కోర్సు 2023లో మొదలైంది కాబట్టి, తొలి జట్టు బయటికి వచ్చేదీ 2027లోనే. వాళ్లలో ఎవరైనా ఇంకా చదువుకుంటాను, ఒకటో తరగతిలోనే ఉంటాను అంటే, అప్పటికి వాళ్లకు చూపించడానికి ఒక పీజీ సీటు ఉండాలి.