వెతికే పని ఎవరిది? ఆన్‌లైన్ వేలం సైట్లలో దొంగ ప్రతుల వెనుక 20 ఏళ్ళ చట్టం కథ

విశాఖపట్నం స్టూడియోల్లో రికార్డు చేసిన జముకుల కథలు, తప్పెటగుళ్ళ పాటలు, పెళ్ళి పాటలు వందల లెక్కన ఒకే పెన్ డ్రైవ్‌లో నింపి, పాడినవారి పేరు గాని తయారుచేసినవారి చిరునామా గాని లేకుండా ఆన్‌లైన్ అమ్మకాల సైట్లలో పెడుతున్నారన్న ఫిర్యాదు నగరంలో మళ్ళీ ముందుకు వచ్చింది. ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచే ఈ చిన్న స్టూడియోలకు ఈ బాధ కొత్తది కాదు. సైటుకు ఫిర్యాదు పత్రం నింపి పంపితే ప్రకటన తీసేస్తారు. నాలుగు రోజులు గడిచేసరికి అదే సరకు, అదే బొమ్మ, మరో అమ్మకందారు పేరు మీద మళ్ళీ కనిపిస్తుంది. మళ్ళీ పత్రం నింపాలి. అందుకే ఈసారి స్టూడియోల వారు నష్టపరిహారం గురించి కాకుండా ఒక్కటే ప్రశ్న అడుగుతున్నారు. దొంగ సరకును వెతికి పట్టుకునే పని సొత్తు పోగొట్టుకున్నవాడిదా, లేక ఆ సరకు అమ్ముడైన ప్రతిసారీ తన వాటా తీసుకునే సైటుదా?

క్యాసెట్ల కాలం నుంచి సీడీల మీదుగా పైరసీ ఎలా పెరిగిందో పాఠకులకు తెలిసిన కథే కనుక దాని జోలికి ఇక్కడ వెళ్ళడం లేదు. నేటి వివాదానికి మూలం 2004 చివర్లో ఢిల్లీలో నమోదైన ఒక కేసులో ఉంది. విచిత్రమేమంటే ఆ కేసుకు పాటలతో గాని, కాపీరైట్‌తో గాని ఏ సంబంధమూ లేదు.

ఆ ఏడాది నవంబరు 27, శనివారం రాత్రి, బాజీ డాట్ కామ్ అనే వేలం సైటులో ఒక విద్యార్థి ఒక అసభ్యకరమైన వీడియోను అమ్మకానికి పెట్టాడు. సోమవారం ఉదయం దాకా ఆ ప్రకటన సైటులోనే ఉండిపోయింది. అప్పటికి కొన్ని నెలల ముందే అమెరికా సంస్థ ఈబే సుమారు 5 కోట్ల డాలర్లకు బాజీని కొనుక్కుంది. డిసెంబరులో ఢిల్లీ పోలీసులు బాజీ ముఖ్య కార్యనిర్వహణాధికారి అవనీష్ బజాజ్‌ను అరెస్టు చేశారు. కొద్ది రోజుల్లోనే ఆయనకు బెయిలు వచ్చింది గాని, కేసు మాత్రం ఏళ్ళ తరబడి సాగింది. కంపెనీని నిందితుల జాబితాలో చేర్చకుండా అధికారి ఒక్కరి మీద కేసు నడపడం చెల్లదంటూ 2012లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. అయితే ఆ తీర్పు రావడానికి చాలా ముందే చట్టమే మారిపోయింది.

ఆ మార్పు ఎంత పెద్దదో తెలియాలంటే 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలో 79వ సెక్షన్ మొదట ఎలా ఉండేదో చూడాలి. తప్పు తనకు తెలియకుండా జరిగిందని గాని, దానిని ఆపడానికి తగిన జాగ్రత్త అంతా తీసుకున్నానని గాని రుజువు చేసుకున్నప్పుడే సైటుకు బాధ్యత తప్పేది. అంటే రుజువు భారం సైటు మీద ఉండేది. బజాజ్ అరెస్టు తరువాత, చట్టాన్ని సమీక్షించడానికి 2005లో కేంద్రం ఒక నిపుణుల సంఘాన్ని వేసింది. దాని వెనుకనే సవరణ బిల్లు వచ్చింది. 2008 డిసెంబరులో పార్లమెంటు పెద్దగా చర్చ లేకుండానే దానిని ఆమోదించింది. 2009 అక్టోబరు 27 నుంచి అమలులోకి వచ్చిన ఆ సవరణ 79వ సెక్షన్‌ను తలకిందులు చేసింది. ఇతరులు పెట్టిన సమాచారానికి మధ్యవర్తి, అంటే దానిని నిల్వ చేసి చూపించే సైటు వంటి సంస్థ, బాధ్యుడు కాడన్నది సాధారణ నియమమైంది. విషయం తెలిసి కూడా తీసేయకపోవడం, నేరానికి తోడ్పడటం వంటివి మినహాయింపులయ్యాయి. ఇంకా ముఖ్యమైన సంగతి, మధ్యవర్తి ఎవరన్న నిర్వచనంలో ఆన్‌లైన్ వేలం సైట్లు, ఆన్‌లైన్ విపణులు అన్న మాటలను పేరు పెట్టి మరీ చేర్చారు. సైటు తాను జాగ్రత్తగా ఉన్నానని ముందుగా చూపించుకోవలసిన చోట, సైటుకు సంగతి తెలుసునని ఫిర్యాదుదారే చూపించవలసిన పరిస్థితి వచ్చింది.

ఆ అరెస్టు న్యాయమని ఈ వ్యాసం అనడం లేదు. వేరొకరు చేసిన పనికి ఒక ఉద్యోగిని జైలుకు పంపడం తప్పే. కాని సవరణ రాసినవారి కళ్ళ ముందు ఉన్న బాధితుడు ఆ అధికారి ఒక్కరే. తన పాట పోగొట్టుకున్న గాయని వారికి కనిపించలేదు.

మన ఉత్తరాంధ్ర సంతలతో పోల్చి చూస్తే ఈ తేడా తేలిగ్గా అర్థమవుతుంది. సంతలో ఆశీలు వసూలు చేసే గుత్తేదారు ప్రతి మూటా విప్పి చూడనక్కరలేదన్నది నిజమే. అయితే ఒక మూటలో దొంగ సరకు ఉందని ఒకసారి తెలిశాక, మరుసటి వారం అదే మనిషి అదే మూట తెస్తే ఆశీలు తీసుకుని లోపలికి పంపే గుత్తేదారును ఊరు క్షమించదు. ఇప్పటి సైటు ఆశీలు తీసుకోవడంతో ఆగడం లేదు. చాలా సైట్లు సరకును తమ గోదాములో నిల్వ చేసుకుని, తమ పేరున్న టేపుతో చుట్టి, తమ మనిషితో గుమ్మం దాకా పంపుతున్నాయి. ఈ పనులన్నీ చేసే సైటును కేవలం మధ్యవర్తి అనవచ్చునా అన్న ప్రశ్న వేసుకుని, అనలేమన్న వైపు మొగ్గుతూ 2018 నవంబరులో ఢిల్లీ హైకోర్టు క్రిస్టియన్ లూబటాన్ కేసులో తీర్పు ఇచ్చింది. 2020 జనవరిలో ఆమ్వే కేసులో అదే హైకోర్టు డివిజన్ బెంచి (ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం), చురుకైన మధ్యవర్తి, నిష్క్రియ మధ్యవర్తి అన్న తేడా 79వ సెక్షన్‌లో లేదని, అంటే గోదాము నడిపే సైటుకూ ఆ రక్షణ వర్తించవచ్చునని తేల్చింది. ఈ రెండూ నేరుగా కాపీరైట్ కేసులు కావు. అయినా స్టూడియోల వారికి సైట్ల నుంచి వచ్చే జవాబుల్లో ఈ రెండో తీర్పు ధోరణే ధ్వనిస్తుంది.

ఇతర దేశాల్లోనూ ఇదే పెనుగులాట జరిగింది. తన డాక్యుమెంటరీ దొంగ డీవీడీలు ఈబేలో అమ్ముడవుతున్నాయని హెండ్రిక్సన్ అనే నిర్మాత లేఖ రాస్తే, ఏ ప్రకటనలో ఏ ప్రతి దొంగదో చెప్పమని ఈబే అడిగింది. ఆయన ఆ వివరాలు ఇవ్వలేదు. 2001లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు ఈబే పక్షమే వహించింది. 2008 జూన్ చివర్లో పారిస్ వాణిజ్య న్యాయస్థానం మాత్రం నకిలీ సరకుల విషయంలో లూయీ విటాన్ గ్రూపుకు సుమారు 4 కోట్ల యూరోలు చెల్లించమని అదే ఈబేను ఆదేశించింది. ఆ మొత్తం తరువాత అప్పీలులో బాగా తగ్గింది. రెండు వారాలకే న్యూయార్క్ కోర్టు నగల సంస్థ టిఫనీ వేసిన కేసులో ఈబేను బాధ్యత నుంచి తప్పించింది. ఒకే ఏడాది, ఒకే సంస్థ మీద రెండు దేశాలు రెండు దారులు పట్టాయి. ఆ ఏడాది చివర్లోనే మన పార్లమెంటు అమెరికా దారి పట్టింది.

కాపీరైట్ విషయంలో మాత్రం 2008 సవరణే ఒక కిటికీ తెరిచి ఉంచింది. 81వ సెక్షన్‌కు చేర్చిన ఉప నిబంధన ప్రకారం, 1957 కాపీరైట్ చట్టం ఇచ్చిన హక్కులను వాడుకోకుండా సమాచార సాంకేతిక చట్టం ఎవరినీ అడ్డుకోదు. ఈ ఆధారంతోనే 2011 జూలైలో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం, టీ సిరీస్ యాజమాన్య సంస్థ సూపర్ క్యాసెట్స్ వేసిన దావాలో వాడుకరులు పాటలు, వీడియోలు పెట్టుకునే మైస్పేస్ సైటుకు రక్షణ లేదన్నది. 2016 డిసెంబరు 23న డివిజన్ బెంచి ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. సైటులో దొంగ ప్రతులు ఉంటాయన్న సాధారణమైన ఎరుక చాలదనీ, ఫలానా ప్రతి దొంగదని నిర్దిష్టంగా తెలిసి ఉండాలనీ చెప్పింది. అయితే కాపీరైట్ ఫిర్యాదు నిర్దిష్టంగా అందితే కోర్టు ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండానే తీసేయాలని కూడా అదే తీర్పు చెప్పింది. సైట్ల తరఫువారు ఈ రెండో భాగాన్ని అంతగా తలచుకోరు.

2012 కాపీరైట్ సవరణ, దానిని అనుసరించి 2013లో వచ్చిన నియమాలు మరో ఏర్పాటు చేశాయి. హక్కుదారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే 36 గంటల్లో ఆ ప్రతిని అందుబాటులో లేకుండా చేయాలి, 21 రోజుల పాటు అలాగే ఉంచాలి. ఆ లోపు కోర్టు ఉత్తర్వు తేకపోతే సైటు దానిని తిరిగి పెట్టుకోవచ్చు. ఆ తరువాత అదే ఫిర్యాదుదారు అదే ఉల్లంఘన గురించి మళ్ళీ నోటీసు ఇస్తే జవాబు చెప్పవలసిన అవసరం కూడా లేదు. కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ప్రకారం హక్కుదారు తాను వ్యాపారం చేసుకునే ఊళ్ళోనే దావా వేయవచ్చు కనుక, విశాఖ స్టూడియో వారు ఢిల్లీ దాకా వెళ్ళనక్కరలేదన్న మాట నిజమే. కాని ఒక పెన్ డ్రైవ్ ధర కొన్ని వందల రూపాయలు. దాని కోసం న్యాయవాదిని పెట్టుకుని, అమ్మకందారు అసలు పేరు కూడా తెలియకుండా, 21 రోజుల్లో ఉత్తర్వు తెచ్చుకోవడం రోజుకూలి మీద పాడే కళాకారుల బృందానికి సాధ్యమా? పైగా ఈ నియమాలు నెట్‌లో నిల్వ ఉండే ఫైళ్ళను ఉద్దేశించి రాసినవి. కొరియర్ కవరులో వెళ్ళే పెన్ డ్రైవ్ ప్రకటనకు ఇవి వర్తించవని సైట్లు వాదించడానికి సందు ఉండనే ఉంది.

సైట్ల వాదన క్లుప్తంగా ఇది. లక్షల ప్రకటనల్లో ఏది అసలో ఏది నకలో తాము గుర్తించలేమనీ, అనుమానం ఉన్న ప్రతిదీ తీసేస్తే నిజాయతీగా పాత రికార్డులు అమ్ముకునేవారు నష్టపోతారనీ వారంటారు. ఇందులో కొంత న్యాయం ఉంది. తాను కొన్న పాత గ్రామఫోను రికార్డును తిరిగి అమ్ముకునేవాడు ఏ తప్పూ చేయడం లేదు.

అమ్మకందారులు మరో మాట అంటారు. జానపదాలు ప్రజల సొత్తనీ, తాతల నాటి పాటకు యజమాని ఎవరనీ అడుగుతారు. వినడానికి బాగానే ఉన్నా ఈ మాట నిలవదు. పాట ఎవరిదీ కాకపోవచ్చు. ఆ పాటను ఒక బృందం ఒక రోజు స్టూడియోకు వచ్చి పాడింది, ఆ పాడటం వారిది. 1994 సవరణతో మన చట్టం ప్రదర్శకుల హక్కును గుర్తించింది, ఇప్పుడు దాని గడువు 50 ఏళ్ళు. ఆ ధ్వనిని రికార్డు చేసిన స్టూడియో హక్కుకు గడువు 60 ఏళ్ళు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి బస్సెక్కి వచ్చి రోజంతా గుమ్మెట, జముకు వాయించి వెళ్ళిన కళాకారులకు ఆ రికార్డు మీద వచ్చే ఆదాయంలో ఎంతో కొంత వాటా ఇస్తామని మాట ఇచ్చిన స్టూడియో యజమాని, ఆ మాట నిలబెట్టుకోలేక వారి ముఖం చూడలేకపోవడం ఈ వ్యవహారంలో నన్ను ఎక్కువగా కలచివేసిన సంగతి.

నకిలీని గుర్తించలేమన్న సైట్ల మాటకు చట్టంలోనే జవాబు ఉంది. కాపీరైట్ చట్టం 52ఏ సెక్షన్ ప్రకారం, ప్రచురించిన ప్రతి సౌండ్ రికార్డింగు మీద, దాని పెట్టె మీద, తయారుచేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట ప్రచురించిన సంవత్సరం ఉండాలి. ఈ మూడు వివరాలు కనిపించే ఫొటో పెట్టనిదే పాటల పెన్ డ్రైవ్ ప్రకటనను అంగీకరించబోమని సైట్లు ఒక్క నియమం పెట్టుకుంటే, ఇప్పుడు కనిపిస్తున్న సరకులో అధిక భాగం గడప దాటలేదు. స్టూడియోల వారు కోరుతున్నది ఇదే. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, పెద్ద యంత్రాంగమూ అక్కరలేదు.

జగదాంబ సెంటరులో తోపుడు బండి మీద ఇదే పెన్ డ్రైవ్ అమ్మే కుర్రవాడి విషయం పోల్చి చూడండి. 64వ సెక్షన్ కింద ఎస్‌.ఐ. హోదా ఉన్న అధికారి వారెంటు లేకుండానే అతని సరకు స్వాధీనం చేసుకోవచ్చు. 63వ సెక్షన్ కింద అతనికి 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన, బెయిలుకు వీలులేని నేరమని 2022 మేలో సుప్రీంకోర్టు నిట్‌ప్రో కేసులో స్పష్టం చేసింది. బండి దగ్గర ఇంత కఠినంగా ఉన్న చట్టం ప్రకటన దగ్గరికి వచ్చేసరికి మెత్తబడటానికి కారణం, బండివాడు కళ్ళకు కనిపిస్తాడు, ప్రకటన వెనుక మనిషి కనిపించడు.

ఆ మనిషి చిరునామా దొరికే దారి ఒకటి 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ కామర్స్ నియమాలలో ఉంది. సైటులో సరకు కొన్న వినియోగదారు రాతపూర్వకంగా అడిగితే అమ్మకందారు చిరునామా సహా వివరాలు సైటు ఇవ్వాలి. ఆ హక్కు కొన్నవారిదే, హక్కుదారుకు అలాంటి ఏర్పాటు లేదు. కాపీరైట్ చట్టం కింద ప్రకటనలు తొలగించినా మళ్ళీ మళ్ళీ అదే సరకు పెట్టే అమ్మకందారుల వివరాలు సైటు నమోదు చేసి ఉంచుకోవాలని కూడా ఆ నియమాలే చెబుతున్నాయి. ఆ వాక్యం కిందనే, అలాంటివారిని సైటు నుంచి తొలగించి తీరాలని ఏమీ లేదనీ, ఇష్టమైతే తొలగించవచ్చుననీ మరో వాక్యం ఉంది. ప్రస్తుతానికి విశాఖ స్టూడియో యజమానికి మిగిలిన దారి, తన పాటలే ఉన్న దొంగ పెన్ డ్రైవ్‌ను తన డబ్బుతో కొని, బిల్లు చేతికి వచ్చాక, అమ్మినవాడి చిరునామా ఇమ్మని వినియోగదారుగా సైటుకు ఉత్తరం రాయడం.