రాజీనామా ఇవ్వగానే విచారణ ఆగింది: పీఆర్ సంఘం కోరలు ఎలా ఊడాయి?

పీఆర్ వాళ్ల, అంటే కంపెనీల తరఫున పబ్లిక్ రిలేషన్స్ పని చూసేవాళ్ల వ్యవహారం ఏదో ఒకటి బయటపడిన ప్రతిసారీ వచ్చే ప్రశ్నే ఇప్పుడు మళ్లీ వచ్చింది. ఏఐతో పుట్టించిన లేని నిపుణుల పేరుతో జర్నలిస్టులకు కామెంట్లు పంపడం, డబ్బు తీసుకుని పెట్టిన పోస్టులో ఆ సంగతి దాచిపెట్టడం లాంటివి కనపడగానే "మీకు జాతీయ సంఘం ఉంది కదా, అది ఏం చేస్తోంది?" అని అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. అమెరికాలో ఆ సంఘం పేరు పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ అమెరికా, అందరూ పీఆర్‌ఎస్‌ఏ అంటారు. ఏఐ వాడకం మీద అది 2023లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. బాగానే ఉన్నాయి. కానీ వాటిని పట్టించుకోని సభ్యుణ్ని ఏం చేస్తారు అంటే, జవాబు 2000 సంవత్సరంలో రాసుకున్న ఒక వాక్యంలో ఉంది. ఆ వాక్యం ఎందుకు రాసుకోవాల్సి వచ్చిందో తెలియాలంటే 1986కి వెళ్లాలి.

1947లో సంఘం పుట్టడం, 1950లో మొదటి నైతిక నియమావళి, 1964లో ఏపీఆర్ అనే వృత్తి అర్హత గుర్తింపు రావడం, ఇవన్నీ పీఆర్ కోర్సు చదివినవాళ్లు పరీక్ష కోసం ఒకసారైనా బట్టీ పట్టినవే, వాటిని వదిలేద్దాం. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. అప్పట్లో ఆ సంఘానికి ఒక విచారణ పద్ధతి ఉండేది. సభ్యుడి మీద ఫిర్యాదు వస్తే పరిశీలించేవాళ్లు, విని తీర్పు చెప్పే ప్యానెళ్లు ఉండేవి. మందలించొచ్చు, సస్పెండ్ చేయొచ్చు, సంఘం నుంచి తీసేయొచ్చు. అంటే నియమావళి వెనక కనీసం కాగితం మీదైనా ఒక శిక్ష ఉండేది.

1986లో పీఆర్‌ఎస్‌ఏ అధ్యక్షుడు ఆంథొనీ ఫ్రాంకో. డెట్రాయిట్‌లో ఆయనకు సొంత పీఆర్ సంస్థ ఉండేది, ఆ నగరంలోని క్రౌలీ మిల్నర్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ కంపెనీ ఆయన క్లయింట్. ఆ కంపెనీని వేరేవాళ్లు కొనబోతున్న సంగతి బయటికి రాకముందే ఫ్రాంకో దాని షేర్ల కొనుగోలుకు దిగారని స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే ఎస్‌ఈసీ ఆరోపించింది. ఆయన నేరం ఒప్పుకోలేదు, అలాగని కాదనీ అనలేదు, రాజీ ఉత్తర్వు మీద సంతకం పెట్టి కేసు ముగించుకున్నారు.

పీఆర్ పని చేసినవాళ్లకు ఇది ఎంత పెద్ద మాటో వేరే చెప్పక్కర్లేదు. ఒక కంపెనీ చేతులు మారుతోందంటే ప్రకటన రేపు పొద్దున అనగా ప్రెస్ నోట్ డ్రాఫ్ట్ ఈ రాత్రి మన కంప్యూటర్‌లో ఉంటుంది. కొనేది ఎవరో ఉంటుంది, షేరుకు ఎంత ఇస్తున్నారో ఆ అంకె ఉంటుంది, పైన "ఫలానా టైమ్ వరకు విడుదల చేయరాదు" అని ఉంటుంది. ఆ అంకె సరిగ్గా పడిందా లేదా అని పదిసార్లు చూసుకునేది మనమే. లక్షలమంది వాటాదారులకు తెలియంది మనకు తెలుసు, తెలిసినా నోరు మెదపం, చేయి చాపం అన్న నమ్మకం మీదే క్లయింట్ ఆ కాగితం మన చేతికిస్తాడు. ఆ నమ్మకాన్నే వాడుకున్నారన్న ఆరోపణ, అదీ దేశం మొత్తం పీఆర్ వాళ్లకు నీతి నియమాలు చెప్పే సంఘం అధ్యక్షుడి మీదే వచ్చింది.

అసలు మలుపు మాత్రం ఆ ఆరోపణ కాదు, దాని తర్వాత జరిగింది. సంగతి పేపర్లకెక్కాక ఫ్రాంకో అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. సంఘం నైతిక విభాగం విచారణకు సిద్ధమయ్యేసరికి సభ్యత్వానికి కూడా రాజీనామా చేశారు. సభ్యుడు కానివాడి మీద సంఘానికి అధికారం లేదు. అంతే, ఫైల్ మూతపడింది. నియమావళిని ఆయన ఉల్లంఘించారా లేదా అన్న ప్రశ్నకు సంఘం తన నోటితో జవాబు చెప్పే అవకాశమే లేకుండా పోయింది.

నా ఉద్దేశంలో మిగతా కథంతా ఇక్కడినుంచే నడిచింది. తప్పించుకునే దారి ఎక్కడుందో అందరికీ తెలిసిపోయింది. లాయర్ లైసెన్సు పోతే కోర్టులో వాదించలేడు, డాక్టర్ రిజిస్ట్రేషన్ పోతే మందు రాయలేడు. పీఆర్ మనిషి మాత్రం సభ్యత్వ కార్డు వెనక్కి ఇచ్చేసి మర్నాడు పొద్దున అదే ఆఫీసుకెళ్లి, అదే క్లయింట్‌కు, అదే ప్రెస్ నోట్ రాసుకోవచ్చు.

నాలుగేళ్లకు ఇంకో లోపం బయటపడింది. 1990 అక్టోబర్ 10న అమెరికా కాంగ్రెస్ సభ్యుల మానవ హక్కుల బృందం ముందు నయీరా అనే పదిహేనేళ్ల అమ్మాయి ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది, కువైట్ ఆసుపత్రిలో ఇరాకీ సైనికులు పసికందులను ఇంక్యుబేటర్లలోంచి తీసి నేల మీద పడేశారని. యుద్ధానికి వెళ్లాలా వద్దా అని అమెరికా తర్జనభర్జన పడుతున్న రోజులవి. ఆ ప్రచారం వెనక ఉన్నది హిల్ అండ్ నోల్టన్ అనే పీఆర్ సంస్థ, దాని క్లయింట్ కువైట్ ప్రభుత్వ సొమ్ముతో నడిచిన ఒక సంఘం. ఆ అమ్మాయి అమెరికాలో కువైట్ రాయబారి కూతురన్న సంగతి 1992 జనవరిలోగానీ జనానికి తెలియలేదు. ఆమె చెప్పిన ఇంక్యుబేటర్ల కథకు ఆధారాలూ దొరకలేదు. పీఆర్‌ఎస్‌ఏలో సభ్యత్వం మనుషులకే, కంపెనీలకు కాదు. కాబట్టి ఇంత పెద్ద ప్రచారం నడిపిన సంస్థను సంస్థగా బోనులో నిలబెట్టే వీలు ఆ నియమావళిలో లేదు.

2000లో పీఆర్‌ఎస్‌ఏ నియమావళిని కొత్తగా రాసుకుంది. న్యాయంగా వాదించడం, నిజాయితీ, నైపుణ్యం, స్వతంత్రత, విధేయత, నిష్పాక్షికత అని ఆరు విలువలు పెట్టుకుంది. భాష బాగుంది, ఉదాహరణలు బాగున్నాయి, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు చెప్పడానికి నిజంగా పనికొచ్చే పత్రం. కానీ ముందుమాటలోనే తేల్చేశారు, అమలు మీద ఇదివరకున్న పట్టింపు తీసేశామని. మిగిలింది ఒక్కటే. నియమావళికి విరుద్ధమైన పనికి ప్రభుత్వ సంస్థ ఎవరిమీదైనా చర్య తీసుకుంటేనో, కోర్టు దోషి అని తేలిస్తేనో, అలాంటివాళ్లను సంఘంలోకి రానివ్వకుండా ఉండే హక్కు, ఉంటే తీసేసే హక్కు బోర్డుకు ఉంటుంది. అంటే మొదట ప్రభుత్వమో కోర్టో కదలాలి, ఆ తర్వాతే సంఘం. ఇప్పుడు గొడవ జరుగుతున్న తప్పుల్లో చాలా వరకు చట్టం దాకా వెళ్లవు. లేని మనిషి పేరుతో కామెంట్ పంపినవాణ్ని ఏ కోర్టు పిలుస్తుంది?

సంఘం వైపు వాదన కూడా ఉంది. ఏళ్ల తరబడి నడిపినా విచారణలు ఫలితానికొచ్చింది తక్కువని, సాక్షిని రప్పించే అధికారం గానీ కాగితాలు తెప్పించే అధికారం గానీ లేని స్వచ్ఛంద సంస్థ కోర్టులా నడవలేదని, బయటకు పంపినవాడు తిరిగి పరువు నష్టం దావా వేస్తే తట్టుకోలేదని, దానికన్నా నేర్పించడం మేలని వాళ్లు అంటారు. ప్రభుత్వమూ ఒకప్పుడు అడ్డుపడింది, 1977లో నియమావళిలోని కొన్ని అంశాలు పోటీని దెబ్బతీస్తున్నాయని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభ్యంతరం చెబితే తీసేయాల్సి వచ్చింది. ఇబ్బందులు నిజమే. కానీ ఇబ్బంది ఉందని తాళం బాగుచేసుకుంటారు గానీ, తలుపే పీకేసుకుంటారా?

పైగా సంఘం వేటుకు విలువే ఉండదన్న మాటను 2017లో బ్రిటన్ తప్పని చూపించింది. అక్కడి పీఆర్ సంఘమైన పీఆర్‌సీఏలో కంపెనీలకూ సభ్యత్వం ఉంటుంది. లండన్‌లోని బెల్ పాటింగర్ అనే పేరున్న సంస్థ దక్షిణాఫ్రికాలో గుప్తా అనే వ్యాపార కుటుంబానికి చెందిన ఓక్‌బే కంపెనీ కోసం నెలకు లక్ష పౌండ్లకు నడిపిన ప్రచారం జాతుల మధ్య చిచ్చు పెట్టిందని ఆ దేశంలో అప్పటి ప్రతిపక్షం డెమొక్రటిక్ అలయన్స్ ఫిర్యాదు చేసింది. అది దక్షిణాఫ్రికాలో ఉండి లండన్‌లోని ఒక వృత్తి సంఘానికి పంపిన ఫిర్యాదు, పోలీసు కేసు కాదు. పీఆర్‌సీఏ విచారించింది, సెప్టెంబర్ 4న కనీసం ఐదేళ్లపాటు బహిష్కరిస్తున్నట్టు ప్రకటించింది. క్లయింట్లు అప్పటికే జారుకోవడం మొదలుపెట్టారు, ఆ ప్రకటన తర్వాత ఇక ఆగలేదు. సెప్టెంబర్ 12కల్లా కంపెనీ దివాలా నిర్వాహకుల చేతికి వెళ్లిపోయింది. మధ్యలో గడిచింది ఎనిమిది రోజులు. ఏ చట్టమూ పీఆర్‌సీఏకు ఆ అధికారం ఇవ్వలేదు, ఒక మాట గట్టిగా, పేరు పెట్టి, అందరి ముందూ అంది, అంతే.

పీఆర్ పనికి ప్రభుత్వ లైసెన్సు పెడితే సరిపోతుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. పీఆర్ వృత్తికి పితామహుడిగా చెప్పుకునే ఎడ్వర్డ్ బెర్నేస్ 1995లో 103 ఏళ్ల వయసులో పోయారు, చివరి ఏళ్లలో కూడా లైసెన్సు కావాలనే పోరారు. బ్రెజిల్ 1967లోనే చట్టం చేసింది, నైజీరియాలో 1990 నుంచి అక్కడి పీఆర్ వృత్తి సంఘానికి చట్టబద్ధ హోదా ఉంది. అమెరికాలో మాత్రం మాట్లాడడానికి ప్రభుత్వ అనుమతి కావాలా అన్న రాజ్యాంగ ప్రశ్న దగ్గర ఆ ఆలోచన ఆగిపోతుంది, ఆ భయం నాకు అర్థమవుతుంది. ప్రభుత్వం చేతిలో లైసెన్సు పెడితే నచ్చని గొంతు నొక్కడానికి అదే మొదట వాడతారు.

ఇది అమెరికా గొడవే కదా అనుకోవద్దు. మన పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 1968 ఏప్రిల్ 21న ఢిల్లీ మహాసభలో నైతిక నియమావళిని ఆమోదించింది, ఆ రోజునే ఏటా జాతీయ పీఆర్ దినోత్సవం జరుపుకుంటున్నాం. సభలు పెడతాం, అవార్డులు ఇస్తాం, వక్తలు విలువల గురించి మాట్లాడతారు. మన దేశంలో చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949 చట్టం ఉంది, అడ్వొకేట్లకు 1961 చట్టం ఉంది, పీఆర్‌కు అలాంటి చట్టం లేదు. కాబట్టి మన దగ్గర కూడా బరువంతా సంఘం మాట మీదే ఉంది.

అందుకే ఇప్పుడు జరుగుతున్న చర్చలో లైసెన్సు దాకా కూడా వెళ్లక్కర్లేదని నా అభిప్రాయం. నేనడిగేది చిన్న మార్పు. ఫిర్యాదు నమోదయ్యాక సభ్యుడు రాజీనామా ఇచ్చినా విచారణ ఆగకూడదు, ఉల్లంఘన జరిగిందో లేదో తేల్చి, ఆ తేల్చింది పేరుతో సహా బయటపెట్టాలి. సభ్యత్వ ఫారం మీద సంతకం పెట్టించుకునేటప్పుడే ఈ ఒక్క షరతు కలిపితే చాలు. 1986లో ఆ ఒక్క లైను ఉండి ఉంటే ఫ్రాంకో ఫైల్ అలా మూతపడేది కాదు.