డీఎల్‌ఏ పోయి పిప్ ఎందుకొచ్చింది

బ్రిటన్‌లో డీఎల్‌ఏ (డిసెబిలిటీ లివింగ్ అలవెన్స్, వైకల్యం వల్ల అయ్యే అదనపు ఖర్చులకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు) వస్తున్న పిల్లలున్న ఇళ్ళలో పదహారో పుట్టినరోజు దగ్గరపడుతోందంటే టెన్షన్ మొదలవుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో ఆ వయసు రాగానే ప్రభుత్వం నుంచి ఉత్తరం వస్తుంది, ఇకమీదట పిప్ (పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్, పెద్దవాళ్ళకి దాని బదులు ఇచ్చేది) కోసం అప్లై చేసుకోండి అని. "ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుస్తారంతే కదా" అనుకుంటారు చాలామంది. మార్చరు. పాతది ఆగిపోతుంది, కొత్తదాన్ని మొదటి నుంచి మనమే అడగాలి, వేరే కొలతలతో మళ్ళీ చూస్తారు, ఇస్తే ఇస్తారు లేకపోతే లేదు. పుట్టినరోజుకి ముందు రోజు ఎలా ఉన్నాడో మర్నాడూ పిల్లవాడు అలాగే ఉంటాడు, కానీ కాగితాల మీద మాత్రం కథ కొత్తగా మొదలవుతుంది. 2013 తర్వాత లక్షలమంది పెద్దవాళ్ళకీ ఇదే జరిగింది.

అసలు ఈ గొడవంతా ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: నా ఒంటికి ఏం చేతనవుతుందో ఏం చేతకాదో చెప్పాల్సింది నేనా, నన్ను ఒక గంటసేపు చూసిన మనిషా?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ కట్టుకున్న సామాజిక భద్రతలో వికలాంగులకు విడిగా పెద్ద చోటేమీ లేదు. యుద్ధంలో కాలు పోతే పెన్షన్ ఉంది, ఫ్యాక్టరీలో చెయ్యి పోతే పరిహారం ఉంది, ఉద్యోగం చేస్తూ నేషనల్ ఇన్సూరెన్స్ కట్టినవాళ్ళకి జబ్బు చేస్తే కొంత ఉంది. పుట్టుకతోనే వైకల్యం ఉన్నవాళ్ళకి, ఇంటిపని తప్ప జీతం ఎరగని గృహిణికి? పేదరికం నిరూపించుకుని సాయం అడగడం తప్ప దారి లేదు. 1965లో మెగాన్ డు బోయిసన్, బెరిట్ మూర్ అనే ఇద్దరు గృహిణులు, ఇద్దరికీ మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు, డిసేబుల్‌మెంట్ ఇన్‌కమ్ గ్రూప్ అనే సంఘం పెట్టారు. వైకల్యం ఎలా వచ్చిందన్నది కాదు, దానివల్ల అయ్యే ఖర్చు చూడండి అన్నది వాళ్ళ వాదన. 1969లో మెగాన్ రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. రెండేళ్ళ తర్వాత, 1971లో, పగలూ రాత్రీ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సిన వాళ్ళ కోసం అటెండెన్స్ అలవెన్స్ మొదలైంది.

నడవలేనివాళ్ళ సంగతి ఇంకా విచిత్రం. వాళ్ళకి ప్రభుత్వం డబ్బు ఇచ్చేది కాదు, బండి ఇచ్చేది. లేత నీలం రంగులో మూడు చక్రాల చిన్న బండి, పేరు ఇన్వాకార్, ఒక్కటే సీటు. పక్కన ఎవరినీ కూర్చోబెట్టుకోకూడదు, అంటే తల్లి తన బిడ్డని ఎక్కించుకోలేదు. గాలి గట్టిగా వీస్తే బోల్తా పడుతుందన్న భయం వేరే. పైగా బండి నడపగలిగిన వాళ్ళకే గాని, నడపలేనివాళ్ళకి అదీ లేదు. 1976లో మొబిలిటీ అలవెన్స్ వచ్చి డబ్బు చేతికివ్వడం మొదలైంది, మరుసటి ఏడాది మోటబిలిటీ సంస్థ పుట్టింది: ఆ అలవెన్స్ డబ్బు దానికి మళ్ళిస్తే మామూలు కారు లీజుకిస్తారు. ఈ కారు సంగతి గుర్తుపెట్టుకోండి, ముందుముందు మళ్ళీ వస్తుంది.

1980ల చివర్లో వెలువడిన జాతీయ సర్వేలో దేశంలో ఏదో ఒక వైకల్యం ఉన్న పెద్దవాళ్ళు 60 లక్షలకు పైనే ఉన్నారని తేలింది, అంతకుముందు వేసుకున్న లెక్కలకంటే చాలా ఎక్కువ. చాలామందికి ఏ అలవెన్సూ అందడం లేదని కూడా తెలిసింది. అలా 1992 ఏప్రిల్‌లో డీఎల్‌ఏ వచ్చింది. 65 ఏళ్ళలోపు అడిగేవాళ్ళకి అటెండెన్స్ అలవెన్స్‌నీ మొబిలిటీ అలవెన్స్‌నీ కలిపి, కింద మరో రెండు చిన్న రేట్లు కొత్తగా చేర్చారు. ఆదాయంతో సంబంధం లేదు, ఉద్యోగం చేస్తున్నా ఇస్తారు, పన్ను లేదు.

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద మార్పు ఫారంలో ఉంది. అంతవరకూ డాక్టరు పరీక్షే ముఖ్యం. డీఎల్‌ఏలో మనిషి తన గురించి తానే రాసుకోవాలి: పొద్దున లేవడానికి ఎంతసేపు పడుతుంది, స్నానానికి ఎవరి సాయం కావాలి, రాత్రి ఎన్నిసార్లు లేవాలి. ఫారం పొడుగ్గా, విసుగ్గానే ఉండేది, కానీ ఎక్కువమందిని ఆ రాతతోను, అవసరమైతే డాక్టరు చెప్పినదానితోను తేల్చేసేవాళ్ళు. తగ్గే జబ్బు కాదనుకుంటే గడువు లేని అవార్డే (అంటే మంజూరే) ఇచ్చేవాళ్ళు, వాడుకలో "జీవితాంతం అవార్డు".

అదే తర్వాత డీఎల్‌ఏకి ఎసరు పెట్టింది. 1992లో 11 లక్షల మందితో మొదలైనది 2012 నాటికి సుమారు 32 లక్షలకు చేరింది. ఇందులో మోసం కంటే మామూలు కారణాలే ఎక్కువ: 65 దాటినా పాతవాళ్ళకి డీఎల్‌ఏ కొనసాగుతుంది కాబట్టి వచ్చి చేరేవాళ్ళే గాని వెళ్ళేవాళ్ళు తక్కువ, మానసిక సమస్యలూ నేర్చుకోవడంలో ఇబ్బందులూ ఉన్నవాళ్ళు అడగడం పెరిగింది, ఈ అలవెన్స్ ఉందన్న సంగతే పదిమందికీ తెలిసింది. ప్రభుత్వం మాత్రం, ఏళ్ళ తరబడి ఎవరూ తిరిగి చూడని అవార్డులున్నాయి అంది. అది అబద్ధం కూడా కాదు, జబ్బు ముదిరినా పాత రేటులోనే ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు. 1997లో ఎక్కువ రేటు వచ్చేవాళ్ళని తిరగదోడే ప్రాజెక్టు ఒకటి పెట్టి, గోల లేచాక రెండేళ్ళకి మూసేశారు. 2010 జూన్ బడ్జెట్‌లో ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ డీఎల్‌ఏకి కొత్త పరీక్ష పెడతామన్నాడు, దానితో పనిచేసే వయసువాళ్ళ మీద ఖర్చు 20 శాతం తగ్గుతుందని లెక్క చూపించారు. పరీక్షలో ఏం అడగాలో ఇంకా రాయనేలేదు, ఎంత మిగలాలో మాత్రం ముందే తేలిపోయింది. ఇది అప్పట్లోనే చాలామంది ఎత్తిచూపిన విషయం.

2012 సంక్షేమ సంస్కరణల చట్టంతో పిప్ ఖాయమై, 2013 ఏప్రిల్ 8న ఉత్తర ఇంగ్లండ్‌లోని కొన్ని ప్రాంతాల్లో కొత్త దరఖాస్తులతో మొదలైంది. రోజువారీ జీవనం, కదలిక అని రెండు భాగాలు, మొత్తం 12 పనులు, ఒక్కోటీ ఎంత చేతకాకపోతే అన్ని పాయింట్లు. భాగానికి 8 వస్తే మామూలు రేటు, 12 వస్తే ఎక్కువ రేటు. తేడా తెలియాలంటే వంట ఒక్కటి చూస్తే చాలు. డీఎల్‌ఏలో వంట సరుకులన్నీ ఇచ్చినా ఒక పూట భోజనం సొంతంగా వండుకోలేకపోతే చాలు, ఆ ఒక్క కారణంతో కింది రేటు వచ్చేది. పిప్‌లో పొయ్యి దగ్గర చేతకాదుగాని మైక్రోవేవ్ వాడగలను అంటే వచ్చేవి 2 పాయింట్లు. మిగతా ఆరూ ఎక్కడినుంచో తెచ్చుకోవాలి. అసలు ఆ కింది రేటే పిప్‌లో లేదు. నడక మరీ అన్యాయం. డీఎల్‌ఏలో వాడుకగా 50 మీటర్లకి మించి నడవలేకపోతే ఎక్కువ రేటు అన్న లెక్క నడిచేది. పిప్ ముసాయిదాలో కూడా 50 ఉండగా, తుది రూల్స్‌కి వచ్చేసరికి ఎక్కువ రేటుకి గీత 20 మీటర్లయింది. దాని మీద కోర్టుకెళ్ళారు, ప్రభుత్వం మళ్ళీ అభిప్రాయాలు అడిగింది, చివరికి 20 దగ్గరే ఆగింది. సురక్షితంగా, సరిగ్గా, మళ్ళీ మళ్ళీ, తగిన సమయంలో చెయ్యగలిగితేనే చేసినట్టు లెక్క అన్న మాటని మాత్రం పట్టుబట్టి రూల్స్‌లోకి ఎక్కించుకోగలిగారు. ఇప్పటికీ ట్రిబ్యునల్‌లో (అపీళ్ళు వినే కోర్టులాంటిది) చాలా కేసులు గెలిచేది ఆ మాట పట్టుకునే.

పరీక్షలు చేసే పని ఏటోస్, క్యాపిటా అనే ప్రైవేటు కంపెనీలకిచ్చారు. మొదటి ఏడాదే ఫైళ్ళు గుట్టలుపడ్డాయి, 2015లో హైకోర్టు ఇద్దరి కేసులో ఆ జాప్యం చట్టవిరుద్ధమంది. 2013 అక్టోబరు నుంచి పాత డీఎల్‌ఏ వాళ్ళకీ ఉత్తరాలు వెళ్ళడం మొదలైంది. 28 రోజుల్లో పిప్‌కి అడగకపోతే డీఎల్‌ఏ ఆగుతుంది, నేను దీంట్లోనే ఉంటాను అనే వీలు లేదు, జీవితాంతం అన్న అవార్డుకైనా సరే. ప్రభుత్వ ఉత్తరాలొచ్చే గోధుమరంగు కవరు తలుపు సందులోంచి పడితే గుండె దడ అనే మాట అక్కడి వికలాంగుల నోట ఎన్నోసార్లు వినిపిస్తుంది. కదలిక భాగంలో ఎక్కువ రేటు పోయినవాళ్ళకి మోటబిలిటీ కారూ పోయింది, మొదట్లో మూడు వారాల్లో అప్పజెప్పాలనేవాళ్ళు. అపీలు గెలిచి కారు తిరిగి వచ్చేసరికి ఆ కారుతోనే సాగుతున్న ఉద్యోగం ఉంటుందా అన్నది ఎవరి పద్దులోనూ లేదు. పెరిగినవాళ్ళు లేరని కాదు, ముఖ్యంగా మానసిక సమస్యలున్న కొందరికి పిప్‌లోనే ఎక్కువ వచ్చింది. కానీ ట్రిబ్యునల్ దాకా వెళ్ళినవాళ్ళలో 2017 తర్వాతి కొన్నేళ్ళు మూడింట రెండు వంతులకు పైగా గెలిచారంటే, మొదటి నిర్ణయాలు ఎలా ఉన్నాయో ఊహించుకోవచ్చు.

2016 మార్చిలో ఇంకొంత కోత పెట్టబోతే పని, పెన్షన్ల శాఖ మంత్రి ఇయాన్ డంకన్ స్మిత్ రాజీనామా చేశాడు, పిప్‌ని తెచ్చింది ఆయనే. కోత ఆగింది. మరుసటి ఏడాది మానసిక ఆందోళనవల్ల బయటికి వెళ్ళలేనివాళ్ళకి పాయింట్లు తగ్గిస్తూ రూల్ మారిస్తే, డిసెంబరులో హైకోర్టు అది వివక్ష అని కొట్టేసింది. ప్రభుత్వం అపీలుకి వెళ్ళకుండా 16 లక్షల ఫైళ్ళు తిరగేస్తామని ఒప్పుకుంది. ఇంత చేసి మిగిలిందా? 2019లో బడ్జెట్ బాధ్యతల కార్యాలయం (ప్రభుత్వ లెక్కల్ని స్వతంత్రంగా చూసే సంస్థ) చెప్పినదాని ప్రకారం, డీఎల్‌ఏనే ఉంచేసి ఉంటే అయ్యేదానికంటే పిప్‌కి 15 నుంచి 20 శాతం ఎక్కువే ఖర్చవుతోంది.

స్కాట్లాండ్ ఇదంతా చూసి వేరే దారి పట్టింది. 2022లో అడల్ట్ డిసెబిలిటీ పేమెంట్ పెట్టినప్పుడు, పిప్ తీసుకుంటున్నవాళ్ళని కొత్త ఫారం అడగకుండా, డబ్బు ఆపకుండా, తమ వైపు ఫైళ్ళు తామే మార్చుకున్నారు. అంటే అది కుదిరే పనే. ఉత్తర ఐర్లండ్‌లో పిప్ 2016లో ఆలస్యంగా వచ్చింది, డబ్బు తగ్గినవాళ్ళకి కొంతకాలం వేరే నిధి నుంచి సర్దారు. ఇంగ్లండ్, వేల్స్‌లో 1948 ఏప్రిల్ 8న గాని అంతకుముందు గాని పుట్టినవాళ్ళు మాత్రం ఈ మార్పిడి నుంచి తప్పించుకుని ఇప్పటికీ డీఎల్‌ఏలోనే ఉన్నారు.

2025లో ఏదో ఒక్క పనిలోనైనా 4 పాయింట్లు రాకపోతే రోజువారీ జీవనం భాగం ఇవ్వకూడదన్న రూల్‌ని లేబర్ పార్టీ ప్రభుత్వం తేబోయింది. సొంత పార్టీ ఎంపీలే తిరగబడడంతో జూలై 1న పార్లమెంటులో చర్చ నడుస్తుండగానే దాన్ని వెనక్కి తీసుకున్నారు. పిప్ పరీక్షనే మళ్ళీ చూసే పని మంత్రి స్టీఫెన్ టిమ్స్‌కి అప్పగించారు, వికలాంగుల్ని కూర్చోబెట్టుకుని రాస్తామని మాటిచ్చారు, 2026 శరదృతువుకి నివేదిక అన్నారు. 20 మీటర్ల గీత, మైక్రోవేవ్ 2 పాయింట్లు వీటి సంగతి అందులో ఏం రాస్తారో చూడాలి.