స్టెంటా, మాత్రలా: ఈ వాదన 1988లోనే మలుపు తిరిగింది

నలభై దాటని మనిషి ఉన్నట్టుండి కుప్పకూలాడన్న వార్త వస్తే చాలు, విజయవాడ సూర్యారావుపేటలోనూ గుంటూరు కొత్తపేటలోనూ ఆస్పత్రుల ముందు పాత తగాదా మళ్లీ మొదలవుతుంది. గుండెపోటు రాని మనిషికి గుండె రక్తనాళాలను చూపే యాంజియోగ్రామ్‌లో 70 శాతం బ్లాక్ (పూడిక) కనిపిస్తే వెంటనే స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం) వేయాలా, మందులతో చూడొచ్చా? ఇప్పుడూ అదే చర్చ. కొలెస్ట్రాల్, షుగర్, సిగరెట్టు చేసే చేటు అందరూ విన్నదే.

అసలు మలుపు 1988లో వచ్చింది. గుండెపోటుకు ముందూ తర్వాతా కూడా యాంజియోగ్రామ్ తీసిన 42 మంది ఫిల్ములను అమెరికాలో లిటిల్ అనే వైద్యుడి బృందం పక్కపక్కన పెట్టి చూసింది. వీరిలో 29 మందికి ఒక నాళం కొత్తగా పూర్తిగా మూసుకుపోయింది; ఆ నాళం వారిలో 19 మందికి మొదటి ఫిల్ములో సగం కూడా పూడలేదు. ఈ చోట స్టెంట్ వేయాలని ఎవరికీ తోచి ఉండదు.

బ్లాక్‌కు మూలమైన ప్లాక్ అంటే నాళం గోడలో చేరిన మెత్తటి కొవ్వు, దాని మీద ఒక పొర. గోడ లోపలి వాపు వల్ల ఆ పొర పలచబడి చిట్లితే, శరీరం దాన్ని గాయం అనుకుని అక్కడ రక్తం గడ్డకట్టిస్తుంది. నాళం నిమిషాల్లో మూసుకుపోవచ్చు. గుండెపోటు వేళ నాళాన్ని మూసేది చాలావరకు ఈ గడ్డేనని 1980లోనే డివుడ్ బృందం చూపింది: నొప్పి మొదలైన 4 గంటల్లోపు పరీక్షించిన వారిలో 87 శాతం మందికి నాళం పూర్తిగా మూసుకుపోయి ఉంది. ట్రెడ్‌మిల్ పరీక్ష బాగుందన్న మనిషికి వారంలో గుండెపోటు ఎలా వచ్చిందని ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నకు జవాబు ఇదే. పెద్ద బ్లాక్‌తో ప్రమాదం లేదని కాదు. చిన్న ప్లాక్‌లు సంఖ్యలో చాలా ఎక్కువ. స్టెంట్ తాను ఉన్న చోటే పనిచేస్తుంది, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర నాళాలన్నిటిలోనూ పనిచేస్తుంది. గుండెజబ్బు ఉన్న 4,444 మందిపై జరిగి 1994లో వెలువడిన ఫోర్-ఎస్ అధ్యయనంలో సిమ్వాస్టాటిన్ అనే స్టాటిన్ మరణాలను 30 శాతం తగ్గించింది.

2007 మార్చిలో కరేజ్ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. నిలకడగా ఉన్న గుండెజబ్బుతో 2,287 మంది. మంచి మందులకు స్టెంట్ తోడైనా మరణాలు గానీ గుండెపోట్లు గానీ తగ్గలేదు. సరిగ్గా ఆ మరుసటి నెలే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలై, తర్వాతి విడతల్లో కృష్ణా, గుంటూరు జిల్లాలకూ వచ్చింది. ఆపరేషన్‌కు అప్పు చేయక తప్పని కుటుంబాలకు ఆ పథకం చేసిన మేలు చాలా గొప్పది. అయితే ఆ కార్డుతోనే గుండె వైద్యమంటే ఆపరేషన్ థియేటరే అన్న భావన కూడా జనంలో నాటుకుంది. 2020లో అచ్చయిన ఇస్కీమియా అధ్యయనంలోనూ, మన దేశపు రోగులు కూడా ఉన్న 5,179 మందిలో, ఫలితం పెద్దగా మారలేదు.

స్టెంట్ వేసే వైద్యుల మాటలోనూ నిజం ఉంది. గుండెపోటు జరుగుతుండగా స్టెంట్ ప్రాణం నిలుపుతుంది. మందులకు లొంగని ఛాతీనొప్పిని తగ్గిస్తుంది. గుండెకు ఎక్కువ రక్తం అందించే ఎడమ ప్రధాన నాళంలో బ్లాక్ ఉంటే లెక్క వేరు.

2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూసిన స్టెంట్ ధరను 29,600 రూపాయలకు కట్టడి చేసింది. అప్పుడు ఊరంతా మాట్లాడింది స్టెంట్ ధర గురించే. అంతకు ఆరేళ్ల ముందు, 2011లో, ప్యూర్ అధ్యయనం చెప్పిన సంగతి ఇక్కడ ఎవరి నోటా వినపడలేదు: గుండెజబ్బో పక్షవాతమో వచ్చినవాళ్లలో స్టాటిన్ వాడుతున్నది, భారత్‌తో సహా పేద దేశాల్లో, 3.3 శాతమే. మనవాళ్లకు తొలి గుండెపోటు ఇతరుల కంటే సుమారు ఆరేళ్లు ముందే వస్తుందని 2007లో ఇంటర్‌హార్ట్ అధ్యయనం చెప్పింది కూడా. అయినా "బ్లాక్ తీసేశారుగా, ఇక మాత్రలెందుకు" అంటూ స్టెంట్ వేయించుకున్నవాళ్లే మానేస్తున్నారు. కొత్త స్టెంట్‌లో గడ్డ కట్టకుండా కాపాడేది కూడా రోజూ వేసుకునే ఆ మాత్రల్లోని, ఆస్పిరిన్ లాంటి, రక్తం గడ్డకట్టనివ్వని మందులే.