బేస్తవారం తెచ్చిన డబ్బా

మహబూబ్‌నగర్

చిన్నికి, బుజ్జికి తాత ఆశీస్సులు.

"తాతా, హైదరాబాద్‌ల బేస్తవారం సంత, జుమ్మేరాత్ బజార్‌కు పోయి ఆ తుప్పు డబ్బా ఎందుకు తెచ్చినవ్? కొత్త రేడియో దొరకదా?" అని ఫోన్ల అడిగిండ్రు. దసరా సెలవులకు మీరొచ్చే లోపల జవాబు రాస్తున్న.

మన బాలానగర్ పేరు మీదనే ఒక సీతాఫలం రకం ఉంది, తెలుసు గదా. చిన్నప్పుడు గుట్టెక్కి, పెద్ద కాయ కనబడంగనే తెంపేటోణ్ణి. అమ్మ గంప దింపి సగం కాయలు పక్కకు పెట్టేది. "కండ్లు విచ్చుకోలే బిడ్డా, ఇవి పండవు" అనేది. కన్నుకు కన్నుకు నడుమ సందు తెల్లబడాలె. అది చూసుడు నేర్వనీకె నాకు మూడేండ్లు పట్టింది.

పాత హ్యామ్ సెట్టు వెతుకుడు గూడ గంతే. హ్యామ్ అంటే రేడియోల ఒకరితోని ఒకరు సరదాకు మాట్లాడుకునుడు. పై మెరుపు చూడొద్దు, మూత విప్పమని అడగాలె. నేను టార్చి కొట్టి ముందుగాల స్టేషన్ పట్టే భాగం, గ్యాంగ్ కండెన్సర్ చూస్త. నాబు తిప్పంగనే అల్యూమినియం రేకులు ఒకదాని సందుల ఒకటి తాకకుంట దూరుతయ్. ఒక్కటి వంగి రాసుకున్నా స్టేషన్ పట్టేకాడ గరగరే. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ వాసన చూస్త. కాలిన వార్నిష్ వాసనొస్తే ఆడనే పెట్టేస్త. పాత రేడియోలల్ల బల్బు లెక్క ఉండే వాల్వు గాజు లోపల వెండి మరక ఉంటది. అది పాల లెక్క తెల్లగైతే లోపలికి గాలి పోయినట్టు. ఇవన్నీ సెట్టు కండ్లు.

తెచ్చిన కాయను అదే పూట తినం, గడ్డిల మాగబెడ్తం. సెట్టును గూడ తేంగనే కరెంటుల పెట్టొద్దు. ఏండ్లు ముట్టకుంటే లోపల కరెంటు నిలువ ఉంచే ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు చెడిపోతయ్. పంతొమ్మిదేండ్లప్పుడు ఆగలేక ప్లగ్గు పెట్టిన. ఢామ్మని పేలి ఇల్లంత పొగ! నాలుగు నెలలు కూడబెట్టిన పైసలు పోయినయ్. ఇప్పుడు 60 వాట్ల బల్బు సిరీస్‌ల, అంటే కరెంటు బల్బుల నుంచే సెట్టుకు పోయేటట్టు, పెట్టి చూస్త. భగ్గుమని వెలిగి మసకబారిందా, ప్రాణమున్నట్టు. అట్లనే వెలుగుతుంటే షార్టు, వెంటనే తీసేస్త. మీరు మాత్రం నేను లేకుంట ముట్టొద్దు. కరెంటు తీసినంక గూడ లోపల కొట్టేంత ఉంటది.

ఇది వినే సెట్టే. మాట్లాడే సెట్టుకు పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలె. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చి అండమాన్‌ల ఫోన్లు తెగినప్పుడు, హ్యామ్ సెట్టుతోని అప్పటికే ఆడ ఉన్న భారతి ప్రసాద్ మనుషుల క్షేమ సమాచారాలు ఇటు ఒడ్డుకు చేర్చింది. హైదరాబాద్‌ల ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున పోయిందామె. అది విన్నకాన్నుంచి ఇసొంటి డబ్బా ఏది కనబడ్డా నాకు తుప్పు కనబడదు.

నిన్న పొద్దుమీకి 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర తిప్పుతుంటే బాతులు అరిచినట్టు ఒకటే గొడవ. బీఎఫ్ఓ అని రాసున్న నాబు వెంట్రుకవాసి కదిలించిన. బాతు మనిషయ్యిండు! యాడనో ఒకాయన, మా ఊర్ల వాన పడుతుందని చెప్తున్నడు. అది ఎట్లయితదో రాయను. ఆ నాబును అట్లనే వదిలిపెట్టిన. వచ్చినంక చిన్ని ముందు తిప్పాలె, తర్వాత బుజ్జి.

మీ తాత