టీలో వేసిన ఐసుముక్కల లెక్క

అనంతపురం,
మే నెల.

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాత ఆశీస్సులు.

మీరు బెంగళూరుకు వెళ్ళి నాలుగు రోజులైనా, వంటింట్లో మీరిద్దరూ పెట్టుకున్న వాదులాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. స్టీలు గ్లాసులో 80 డిగ్రీల వేడితో ఉన్న పాలు లేని టీ 200 గ్రాములు పోసి, 50 గ్రాముల ఐసు వేస్తే అది 64 డిగ్రీలకు దిగుతుందని పెద్దవాడు కాగితం మీద లెక్క కట్టాడు. థర్మామీటరు 47కూ 48కీ మధ్య నిలిచింది. వెంటనే వాడు థర్మామీటరు చెడిపోయిందని తేల్చేశాడు. అది బాగానే ఉంది నాయనా, లెక్కలోనే ఒక మెట్టు జారిపోయింది.

నువ్వు ఐసును 0 డిగ్రీల నీళ్ళుగా భావించి సగటు తీశావు. నిజంగా అంత చల్లని నీళ్ళే పోసి ఉంటే నీ 64 సరిపోయేది. ఐసు మాత్రం ముందు కరగాలి, ఆ తరువాతే నీరుగా వేడెక్కాలి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కెలోరీ చాలు కానీ, 0 డిగ్రీల వద్ద ఉన్న ఒక గ్రాము ఐసు అదే 0 డిగ్రీల నీరుగా మారడానికి సుమారు 80 కెలోరీలు కావాలి. అంత ఉష్ణాన్ని మింగినా దాని ఉష్ణోగ్రత పెరగదు, ఎందుకంటే ఆ ఉష్ణమంతా ఐసులో అణువులు ఒకదాన్నొకటి పట్టుకున్న పట్టును సడలించడానికే ఖర్చవుతుంది. థర్మామీటరుకు కనబడకుండా దాగిపోతుంది కనుక దీన్ని గుప్తోష్ణం అన్నారు. 1760ల్లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో దీన్ని కొలిచిన జోసెఫ్ బ్లాక్ మరో చక్కని తర్కం చూపాడు: కరగడానికి ఇంత ఉష్ణం అక్కర్లేకపోతే, ఎండ కాస్త తగలగానే కొండల మీది మంచంతా ఒక్కసారిగా కరిగి వరదలై ముంచెత్తేది కదా! నా చిన్నతనంలో టవర్ క్లాక్ దగ్గర నుంచి వరిపొట్టులో, గోనెపట్టాలో చుట్టి సైకిలు మీద తెచ్చిన ఐసుగడ్డ, ఈ ఊరి మే నెల ఎండలో కూడా ఇల్లు చేరేదాకా మిగిలేదంటే కారణం ఈ 80 కెలోరీలే. పొట్టు చేసే పనల్లా వేడిని నిదానంగా లోపలికి పోనివ్వడం.

ఇప్పుడు లెక్క సరిచేద్దాం. టీ కోల్పోయిన ఉష్ణం, ఐసు గ్రహించిన ఉష్ణానికి సమానం. చివరి ఉష్ణోగ్రతను T అనుకుంటే, టీ పోగొట్టుకునేది 200 × (80 − T). ఐసు తీసుకునేది కరగడానికి 50 × 80, అంటే 4000, ఆపై T డిగ్రీలకు చేరడానికి 50 × T. రెండింటినీ సమానం చేస్తే 12000 = 250T, కాబట్టి T = 48.

ఇక్కడ నేను రెండు విషయాలు దాటవేశాను. మన ఫ్రీజరులో ఐసు సుమారు −18 డిగ్రీల వద్ద ఉంటుంది. ఐసు విశిష్టోష్ణం, అంటే ఒక గ్రామును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన ఉష్ణం, నీటిదానిలో సగమే కనుక, అది 0కు రావడానికి మరో 450 కెలోరీలు లాగి, జవాబును 46.2కు దించుతుంది. కానీ వేడెక్కిన స్టీలు గ్లాసు కూడా తన వంతు ఉష్ణం టీకి ఇస్తుంది. 100 గ్రాముల గ్లాసు ఈ విషయంలో దాదాపు 12 గ్రాముల నీటితో సమానం కాబట్టి, దాన్నీ కలిపితే జవాబు మళ్ళీ 47.7కు ఎక్కుతుంది. రెండు పొరపాట్లు ఒకదాన్నొకటి కప్పేశాయి. పరీక్షలో ఇలాంటి అదృష్టాన్ని నమ్ముకోవద్దు.

చిన్నపాప ఒక ప్రశ్న అడిగింది: ఇంకా ఐసు వేస్తూ పోతే? గ్లాసును పక్కనపెట్టి, 0 డిగ్రీల ఐసు అనుకుందాం. 300 గ్రాములు వేశావనుకో, అదే సమీకరణం T = −16 అంటుంది. టీ గడ్డకట్టిందని కంగారు పడకు. 80 డిగ్రీల టీ 0కు దిగేలోపు ఇవ్వగలిగేది 16000 కెలోరీలే, వాటితో కరిగేది 200 గ్రాముల ఐసే. మిగిలిన 100 గ్రాములు అలాగే తేలుతూ ఉంటాయి, టీ 0 డిగ్రీల వద్దే ఆగిపోతుంది. కనుక మొదట మొత్తం ఐసు కరుగుతుందా లేదా చూసుకుని, ఆ తరువాతే సమీకరణం రాయాలి. పాఠాలు చెప్పిన రోజుల్లో నేను ఎక్కువ మార్కులు కోసింది ఇక్కడే.

ఇక తాగడానికి 10 డిగ్రీలు కావాలంటే, ఒక్కో గ్రాము ఐసు 90 కెలోరీలు తీసుకుంటుంది కనుక, 80 డిగ్రీల టీకి దాదాపు 156 గ్రాములు పడుతుంది. అది టీ కాదు, టీ రంగు నీళ్ళు. మీ అవ్వ టీగిన్నెను చన్నీళ్ళ బేసినులో పెట్టి, 35 డిగ్రీలకు దిగాక ఐసు వేస్తుంది, అప్పుడు 56 గ్రాములు చాలు. ఈసారి వచ్చినప్పుడు తక్కెడ, థర్మామీటరు నేను సిద్ధంగా ఉంచుతాను, చక్కెర పాలు మాత్రం మీ అవ్వతో మాట్లాడుకోండి.

ఇట్లు,
మీ తాత