అపోహలు - వాస్తవాలు: వూ జెటియన్ చక్రవర్తి ఎలా అయ్యింది?

నేను డిగ్రీ విద్యార్థులకు చైనా చరిత్ర చెబుతాను. టాంగ్ వంశం పాఠం మొదలుపెడితే చాలు, అందరూ వూ జెటియన్ గురించే అడుగుతారు. చైనాలో సొంత పేరు మీద చక్రవర్తిగా ఏలిన స్త్రీ ఆమె ఒక్కరే. కానీ అడిగేవన్నీ అంతఃపురం కథలే. ఆమె చేసిన పని ఎవరికీ పట్టదు, అదే నా బాధ.

అపోహ: అందంతో రాజును లొంగదీసుకుని గద్దెనెక్కింది.

వాస్తవం: పద్నాలుగేళ్లప్పుడు టైజాంగ్ చక్రవర్తి అంతఃపురానికి వచ్చి, ఆయన బతికున్నంత కాలం చిన్న హోదాలోనే ఉండిపోయింది. 649లో ఆయన పోయాక బౌద్ధ సన్యాసినుల మఠానికి పంపేశారు. ఆయన కొడుకు గావోజాంగ్ మళ్లీ పిలిపించుకున్నాడు. 655లో పట్టపురాణి అయ్యింది. ఇక్కడిదాకా గావోజాంగ్ ప్రేమే కారణమంటే ఒప్పుకుంటాను. తర్వాతిది వేరే కథ. 660 నుంచి గావోజాంగ్‌కు విపరీతమైన తలనొప్పి, కళ్లు తిరగడం, చూపు మందగించడం. దాంతో రాజ్యం నలుమూలల నుంచి వచ్చే అర్జీలు, నివేదికలు చదివి నిర్ణయం చెప్పే పని ఆమె మీద పడింది. బాగా చదువుకున్న మనిషి కాబట్టి నెగ్గుకొచ్చింది. 683లో భర్త చనిపోయేదాకా, అంటే ఇరవై ఏళ్లకు పైగా, ఆ పనిలోనే ఉంది. 690లో జౌ వంశం స్థాపించి సింహాసనం ఎక్కేనాటికి ఆమెకు అరవై దాటాయి. అందం మాట ఇంకెక్కడిది?

అపోహ: గావోజాంగ్ అప్పటి పట్టపురాణి వాంగ్ మీద నేరం మోపడానికి కన్నకూతుర్ని తానే చంపింది.

వాస్తవం: పసిపాప 654లో చనిపోయిన మాట నిజం. ఎలా చనిపోయిందో చెప్పే గట్టి ఆధారం లేదు. 684లో ఆమెపై తిరుగుబాటు చేసినవాళ్ల కోసం కవి లువో బిన్‌వాంగ్ ఒక ప్రకటన రాశాడు. అక్కను, అన్నలను చంపిందని, రాజును హత్య చేసిందని, తల్లికి విషం పెట్టిందని అందులో నిందలన్నీ గుప్పించాడు. పాప ఊసు మాత్రం లేదు. అంత కసితో రాసిన శత్రువు ఇంత పెద్ద నేరం తెలిసీ వదిలేస్తాడా? పాపను చంపిన వైనం పూసగుచ్చినట్టు కనిపించేది 1060లో పూర్తయిన ‘కొత్త టాంగ్ చరిత్ర’ అనే గ్రంథంలో, అంటే నాలుగు వందల ఏళ్ల తర్వాత.

అపోహ: పరీక్షల ద్వారా అధికారుల ఎంపిక ఆమే మొదలుపెట్టింది.

వాస్తవం: కాదు, అంతకుముందు సుయ్ వంశం కాలంలోనే ఉంది. ఈమె దాన్ని పెంచింది, 690లో అభ్యర్థులను స్వయంగా ప్రశ్నించింది.

అపోహ: ఆమె క్రూరత్వమంతా మగ చరిత్రకారుల కల్పన.

వాస్తవం: ఈ మధ్య ఇది ఎక్కువగా వింటున్నాను, ఒప్పుకోలేను. 686లో ఫిర్యాదుల కోసం రాగి పెట్టెలు పెట్టించింది. అబద్ధపు ఫిర్యాదులతో ఎన్నో కుటుంబాలు నాశనమయ్యాయి, టాంగ్ రాజకుమారులు చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆమె మంత్రి డీ రెన్‌జే అంతటివాణ్ణి కూడా 692లో విచారణాధికారి లై జున్‌చెన్ రాజద్రోహం కేసులో ఇరికించాడు. బట్టల్లో దాచి బయటికి పంపిన ఉత్తరం ఆయన ప్రాణం కాపాడింది. 697లో లై జున్‌చెన్‌కు మరణశిక్ష వేయించింది ఆమే. అదే ఏడాది డీ రెన్‌జేను మళ్లీ మంత్రిని చేసిందీ ఆమే.